చర్మానికి కరెంటు, లోపలికి మందు

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నా అరచేతుల సంగతి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. పదో తరగతి పరీక్షల్లో చేతి కింద రుమాలు పెట్టుకొని రాసేవాణ్ని. లేకపోతే చెమటకు సిరా అలికిపోయేది. పెద్దయ్యాక దొరికిన వైద్యం చూసి నవ్వొచ్చింది. రెండు పళ్లేల్లో కుళాయి నీళ్లు, ఒక్కో దాంట్లో ఒక్కో చెయ్యి, 15, 20 మిల్లీఆంపియర్ల కరెంటు, 20 నిమిషాలు. కాస్త చిమచిమలాడుతుంది. కొన్ని వారాలు చేస్తే చెమట తగ్గింది. మానేస్తే మళ్లీ మొదలే.

దీని పేరు అయాంటోఫొరెసిస్. ఇదే పద్ధతిలో చర్మం గుండా మందు కూడా పంపొచ్చు. ఒకే జాతి ఆవేశాలు ఒకదాన్నొకటి తోసుకుంటాయని సైన్సు సారు చెప్పారు కదా, అదే సూత్రం. ధనావేశమున్న మందును ధన ధ్రువం కింద పెడితే, కరెంటు దాన్ని చర్మంలోకి నెడుతుంది. 1959లో గిబ్సన్, కుక్ అనే అమెరికా వైద్యులు పైలోకార్పిన్ మందును ఇలాగే పంపి పసిపిల్లలకు చెమట పట్టించారు. సిస్టిక్ ఫైబ్రోసిస్ జబ్బును ఆ చెమటలోని ఉప్పును బట్టి పట్టుకుంటారు. ఆ పరీక్ష ఇప్పటికీ ఉంది. నాకు చెమట ఆపిన కరెంటే వాళ్లకు చెమట పట్టించింది!

తర్వాత బ్యాటరీతో సహా అన్నీ ఒక పట్టీలోనే ఇమిడ్చారు. మైగ్రేన్ తలనొప్పికి సుమాట్రిప్టాన్ పంపే జెక్యూటీ పట్టీకి అమెరికాలో 2013లో అనుమతి వచ్చింది. చర్మం కాలిందని, మచ్చలు పడ్డాయని ఫిర్యాదులు రావడంతో 2016లో అమ్మకం ఆపేశారు. చిన్న కరెంటే కదా అని తేలిగ్గా తీసుకోకూడదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మిర్యాలగూడ మిత్రుడొకడు మొన్న నా మందుల షాపుకు వచ్చాడు. కోదాడలో ఒక పెళ్లిలో ఎవరి జబ్బకో అంటించి ఉన్న గుండ్రటి బిళ్ల చూశాడట. తర్వాత ఫోన్లో ప్రకటన చూసి ఏదో పట్టీ తెప్పించుకున్నాడు. "ఇగ సూది బాధ తప్పిందిరా" అన్నాడు. ఇన్సులిన్ మానేసి నాలుగు రోజులు! అక్కడే పరీక్ష చేస్తే మీటరు అంకె చూపలేదు, 'హై' అని చూపింది. వెంటనే ఆటో ఎక్కించి ఆసుపత్రికి తీసుకెళ్లాను. దేవుడి దయవల్ల బాగున్నాడు. ఇవాళ ముందు వరుసలోనే కూర్చున్నాడు, పేరు చెప్పను.

వాడు పెళ్లిలో చూసిన బిళ్ల షుగర్‌ను కొలిచేది మాత్రమే, మందు ఇచ్చేది కాదు. ఇక ఇన్సులిన్ అణువు చాలా పెద్దది. సుమాట్రిప్టాన్ అణుభారం 295 అయితే దీనిది దాదాపు 5,800. అంత పెద్దదాన్ని చర్మం పైపొర దాటించడం కరెంటుకు కూడా కష్టమే. పరిశోధనలు జరుగుతూనే ఉన్నాయి. కానీ సూదికి బదులు ఇవ్వగలిగిన ఇన్సులిన్ పట్టీ నా షాపులో లేదు, నాకు సరుకిచ్చే ఏ ఏజెన్సీ దగ్గరా లేదు.

ఎవరైనా అలాంటిది తెప్పించుకొని ఉంటే, భోజనాల దగ్గర నాకు చూపించండి. మీటరు సంచిలోనే ఉంది.