మన ఊళ్లు, మన మనుషులు, డాక్యుమెంటరీ చిత్రాలు

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పెన్షనర్ల సభలో డి.ఏ. బకాయిల గురించో, హెల్త్ కార్డుల గురించో మాట్లాడాలి గాని సినిమాల ముచ్చట ఏమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. బకాయిల గురించి నాకన్నా బాగా మాట్లాడగలవారు ఈ వేదిక మీదే ముగ్గురున్నారు. కార్యదర్శిగారు నాకు అప్పగించిన విషయం వేరు. చరిత్రను, సమాజాన్ని, మామూలు మనుషుల బతుకులను చూపించే డాక్యుమెంటరీ చిత్రాల గురించి చెప్పమన్నారు. ముప్పై అయిదేళ్లకు పైగా పాలమూరు పల్లెల్లో బడిపంతులుగా పనిచేసినవాణ్ణి. సినిమా శాస్త్రం చదువుకోలేదు. చూసింది చెబుతాను.

మన వయసువాళ్లకు డాక్యుమెంటరీ అంటే మొదట గుర్తుకు వచ్చేది టూరింగ్ టాకీసులో అసలు సినిమాకు ముందు వేసే న్యూస్ రీలు. 1948లో కేంద్ర ప్రభుత్వం ఫిల్మ్స్ డివిజన్ పెట్టింది. దేశంలోని ప్రతి సినిమా హాలూ వాళ్లు తీసిన చిన్న చిత్రాలను విధిగా వేయాలని నిబంధన ఉండేది. గంభీరమైన గొంతుతో తెలుగులో వ్యాఖ్యానం నడిచేది. వరదలు, పంచవర్ష ప్రణాళికలు, విదేశీ అతిథులు, చివర కాస్త క్రికెట్టు. జనం ఆ పది నిమిషాలూ బయట బీడీలు కాల్చుకొని, అసలు బొమ్మ మొదలయ్యాక లోపలికి వచ్చేవారు.

అందరూ అట్లా కాదు. నా చిన్నతనంలో మా ఊరి డేరా హాలులో ఒక వారం నాగార్జునసాగర్ కట్టడం చూపించారు. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేసిన ఆ డ్యాం రాతికట్టడమని, మనుషుల చేతుల మీదుగా లేచిందని మీకు తెలుసు. తెర మీద వెదురు పరంజా, దాని మీద చీమల బారులాగా తట్టలు మోసే ఆడవాళ్లు. మా వాడకట్టులో ఒక ముసలమ్మ ఉండేది. ఆమె బిడ్డా అల్లుడూ గుంపు మేస్త్రీ దగ్గర బయానా తీసుకొని సాగర్ పనికి పోయారు. ఆమె ముందువరుసలో నేల టికెట్టు మీద కూర్చొని, ఆ బొమ్మ రాగానే లేచి నిలబడింది. వెనకవాళ్లు కేకలేశారు. వ్యాఖ్యాత ఎన్ని లక్షల టన్నుల రాయి, ఎన్ని లక్షల ఎకరాలకు నీరు అని చెబుతూనే ఉన్నాడు. బొమ్మ మారిపోయింది. మరునాడు ఆమె మళ్లీ వచ్చింది. మూడో రోజూ వచ్చింది. న్యూస్ రీలు కాగానే లేచి వెళ్లిపోయేది. అసలు సినిమా ఎవరిదో కూడా ఆమెకు పట్టలేదు.

ఆ తీసినవాళ్లను నేను తప్పు పట్టను. ఆ చిత్రాలు లేకపోతే ఆ తట్టల బారు కూడా మనకు మిగిలేది కాదు. కాని కెమెరా కాస్త దగ్గరికి జరిగి, ఆ ఆడమనిషిని "నీదే ఊరమ్మా?" అని అడిగి ఉంటే ఎట్లుండేది? పాలమూరు లేబరు లేని డ్యాము, కాలువ, రైలు కట్ట దేశంలో అరుదని మనం గొప్పగా చెప్పుకుంటాం. వాళ్ల పేర్లు మాత్రం ఏ బొమ్మలోనూ వినపడవు.

ఇక నా ఉద్యోగం సంగతి. 1975లో కొత్తగా చేరిన పంతులును. ఆ ఏడు ఆగస్టు 1న మన దేశంలో సైట్ అనే ప్రయోగం మొదలైంది. అమెరికావారి ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెలకు నేరుగా టెలివిజన్. మన రాష్ట్రంలో ఎంపికైన జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్. తయారుచేసిన సెట్టు, కోళ్ల గూటికి వాడే జాలీతో పది అడుగుల గొడుగులాంటి యాంటెన్నా. పట్నంలో ఉన్న మా బావగారికి లేని టి.వి. మా పల్లె బడిలో ఉండేది! తాళంచెవి నా దగ్గర. ఆ ఏడాది ఊళ్లో నాకున్నంత గౌరవం ఆ తరువాత ఎన్నడూ లేదు, హెడ్మాస్టరునైనాక కూడా.

సాయంత్రం బడి ముందు ఊరంతా చేరేది. మొదటి వారం దొరవారి అరుగు మీదికి సెట్టు జరపమని కబురొచ్చింది. బడి ఆస్తి బడిలోనే ఉంచాలని ఆర్డరున్నదని చెప్పాను. అందువల్ల మాల మాదిగ వాడల వాళ్లు కూడా ఆ వాకిట్లోనే కూర్చున్నారు, కాస్త ఎడంగానైనా. వ్యవసాయం, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ, పిల్లల పాఠాలు వచ్చేవి. అవి ఎమర్జెన్సీ రోజులు కూడాను. ఒకే బొమ్మకు ఒక ధ్వనిలో తెలుగు, ఇంకొక ధ్వనిలో కన్నడం. గుల్బర్గా, రాయచూరు పల్లెల్లోనూ అదే బొమ్మ చూసేవారు.

ఒకరోజు వరి నాట్ల మీద మంచి చిత్రం వచ్చింది. కాలువ నిండా నీళ్లు, పచ్చటి మడులు. మా ఊళ్లో జొన్న, ఆముదం, ఎండిన చెరువు. బొమ్మ అయిపోగానే ఒక రైతు అన్నాడు: "గా ఊళ్లె కాల్వ ఉన్నది సారూ. మనకు జెప్తే ఏం ఫాయిదా?" ఆ మాట నేను నెలవారీ రిపోర్టులో రాసి పంపాను. ఎవరైనా చదివారో లేదో మరి. 1976 జులై 31న ప్రయోగం ముగిసింది, ఉపగ్రహం వెనక్కి పోయింది. ఏడాదిపాటు మా ఊరు లోకాన్ని చూసింది. లోకం మా ఊరిని చూడలేదు.

ఇంకొక సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. 1980 నాటికి కొల్లాపూర్ వైపు బదిలీ అయింది. శ్రీశైలం నీళ్లు నిండబోతున్న రోజులు. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందకు పైగా ఊళ్లు మునిగాయి. 1981లో ఇళ్లు కూలగొట్టించి జనాన్ని వెళ్లగొట్టారు. అదే సమయంలో గుళ్లను కాపాడే పని కూడా సాగింది. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయికీ నంబరు వేసి విప్పి అలంపురంలో తిరిగి కట్టారు. గొప్ప పని. అలంపురం వెళ్లినప్పుడల్లా దండం పెట్టుకుంటాను. ఇళ్లకు కూడా నంబర్లు వేశారు, నష్టపరిహారం లెక్క కోసం. గుడి రాళ్లు ఏది ఎక్కడ ఉండేదో కాగితం ఉంది. ఏ ఇంటి పక్కన ఏ ఇల్లుండేదో, పెండ్లి ఊరేగింపు ఏ బాట వెంట పోయేదో, బొడ్రాయి దగ్గర ఎవరు ముందు కొబ్బరికాయ కొట్టేవారో, అది మనుషుల మనసుల్లో మాత్రమే ఉంది. ఆ మనుషులు ఇప్పుడు ఎనభైలు దాటారు. ఎండాకాలం నీళ్లు తగ్గితే పాత గోడల మొదళ్లు బయటపడతాయి. చూసి వచ్చినవాళ్లు నాలుగు రోజులు మాట్లాడరు.

అయితే మనవాళ్ల బతుకును శ్రద్ధగా పట్టుకున్నవాళ్లు అసలే లేరా అంటే ఉన్నారు. 1979లో వచ్చిన "మా భూమి" కథాచిత్రమే అయినా, తీసిన గౌతమ్ ఘోష్ అంతకు ముందు బెంగాలు కరువు మీద డాక్యుమెంటరీ తీసినవాడు. ఆ చూపు "మా భూమి"లో కనపడుతుంది. దాని నిర్మాతల్లో ఒకరైన బి. నర్సింగరావుగారు తరువాత "మా ఊరు" అనే డాక్యుమెంటరీలో తెలంగాణ పల్లె జీవితాన్ని చూపించారు. ఆయన "దాసి" చిత్రానికి 1988 సంవత్సరపు జాతీయ అవార్డులు అయిదు వచ్చాయి. అందులో దుస్తుల రూపకల్పనకు వచ్చినది మన మిర్యాలగూడ పిట్టంపల్లి సుదర్శన్‌గారిది. ఆయన 2024లో కాలం చేశారు. కథ కల్పితమే కావచ్చు, ఆ చీరకట్టు, ఆ రవికె మాత్రం కల్పితం కాదు. నా దృష్టిలో అదీ ఒక డాక్యుమెంటే.

కెమెరా లేకుండా చేసిన పని కూడా ఒకటి చెప్పాలి. స్త్రీశక్తి సంఘటన సభ్యులు తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ల దగ్గరికి పోయి, వాళ్ల మాటలు రికార్డు చేసి, 1986లో "మనకు తెలియని మన చరిత్ర" అని పుస్తకం వేశారు. మల్లు స్వరాజ్యంగారి మాటలు అందులో ఉన్నాయి. తుపాకుల సంగతులు మనం ముందే విన్నాం. అడవిలో కాన్పులు, వదిలి వచ్చిన పసిబిడ్డలు, పోరాటం అయిపోయాక ఇంట్లో ఎదురైన చిన్నచూపు, ఇవి ఆడవాళ్లు కూర్చొని అడిగితేనే బయటికి వచ్చాయి.

జహీరాబాదు దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళల సంగతి మరీ ముచ్చటైనది. ఎక్కువమంది అక్షరం రాని దళిత స్త్రీలు. వీడియో కెమెరా నేర్చుకొని, వరంగల్ జిల్లాకు పోయి, బీటీ పత్తి వేసిన రైతులను ఏళ్ల తరబడి వెంటాడి చిత్రాలు తీశారు. వాళ్లు పొలం పనికి పోయే మనుషులే కనుక చేనులోకి దిగి ఏమి అడగాలో వాళ్లకు ఎవరూ నేర్పనక్కరలేదు.

ఇప్పుడు మా ఇంటి సంగతి. మా అత్తగారి ఊరు నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు. ఫ్లోరైడు నీళ్లు. మా ఆవిడ మేనమామ గీత కార్మికుడు. నలభై దాటకముందే నడుము బిగుసుకుపోయి మోకు మూలన పెట్టాడు. ఆ ఊళ్లకు కెమెరాలు చాలా వచ్చాయి. వచ్చినవాళ్లు మంచివాళ్లే, ఆ బొమ్మలు చూసే ప్రభుత్వాలు కదిలాయి, ఇప్పుడు కృష్ణ నీళ్లు నల్లాలో వస్తున్నాయి. కాని ప్రతివాళ్లూ ఆయనను అడిగేది ఒకటే: "కాళ్లు చూపించు పెద్దాయనా, కొంచెం నడిచి చూపించు." కొన్నాళ్లకు జీపు శబ్దం వినపడితే లోపలికి పోయి పండుకునేవాడు.

ఒక దసరాకు ఆయన మనుమరాలు, డిగ్రీ చదివే పిల్ల, ఫోను పట్టుకొని ఎదురుగా కూర్చుంది. కాళ్ల మాట ఎత్తలేదు. "తాతా, మొదటిసారి తాటిచెట్టు ఎప్పుడెక్కినవే?" అని అడిగింది. నలభై నిమిషాలు చెప్పాడు. మోకు, ముస్తాదు ఎట్లా కట్టాలి, గాలికి చెట్టు ఊగితే ఒళ్లు ఎట్లా వదలాలి, పైనుంచి పొద్దుగాల ఊరు ఎట్లా కనపడుతుంది, ఏ చెట్టు కల్లు తియ్యన, ఏది పులుపు. చేతులతో చూపించాడు. రోగం మాట ఆయనంతట ఆయనే రెండుసార్లు ఎత్తాడు. మరుసటి ఏడు పోయాడు. దినాల నాడు అందరం కూర్చొని ఆ బొమ్మ చూశాం. కూతుళ్లు ఏడుస్తారనుకున్నాను, నవ్వారు. చెట్టు మీద ఉన్న నాన్నను వాళ్లు చిన్నప్పుడు ఎన్నడూ సరిగా చూడలేదట. పొద్దున వాళ్లు లేచేసరికే దిగి వచ్చేవాడు.

మిత్రులారా, మనం ప్రతి ఏటా బతికే ఉన్నామని ప్రభుత్వానికి లైఫ్ సర్టిఫికెట్ ఇస్తాం. ఇప్పుడు దానికీ ఫోనులో ముఖం చూపిస్తే చాలు. అదే ఫోనుతో ఎట్లా బతికామో కూడా చెప్పవచ్చు. మనలో పట్వారీ వ్యవస్థ రద్దయిన నాటి రికార్డులు చూసినవారున్నారు, కరువు పనుల మస్టర్లు రాసినవారున్నారు, బొంబాయి బస్సుకు టికెట్లు కొట్టిన కండక్టర్లున్నారు, రాత్రిపూట లాంతరుతో కాన్పులకు పోయిన ఏ.ఎన్.ఎం. అమ్మలున్నారు. వీరి మాటలు ఏ ఫైలులోనూ లేవు.

కార్యవర్గం అనుమతితో ఒక ప్రతిపాదన. నెలకు ఇద్దరి చొప్పున రికార్డు చేద్దాం. పిల్లలే తీయాలి, కాని సొంత కొడుకు కన్నా మనుమరాలో, పక్కింటి పిల్లవాడో అయితే మంచిది. కొడుకు మధ్యలో అందుకొని "అది కాదు నాన్నా" అంటాడు. మనిషి వెనక కాక ముఖం మీద వెలుతురు పడేటట్లు వాకిట్లో కూర్చోబెట్టండి. ఫ్యాను, టి.వి. ఆపండి. మొదట పేరు, ఊరు, తేదీ చెప్పించండి. నవంబరులో ఏమి చేశారని కాకుండా, మొదటి జీతంతో ఏమి కొన్నారని అడగండి. వాళ్లు ఆగితే మీరూ ఆగండి, వెంటనే ఇంకొక ప్రశ్న వేయకండి. చెప్పవద్దన్న మాట తీసేయండి. ఒక కాపీ ఇంట్లో, ఒకటి మన సంఘం బీరువాలో.

మొదటి పేరు నేనే రాయించాను, మా ఊరినుంచి 1981లో లేచి వచ్చిన ఒక అమ్మది. వయసు ఎనభై ఆరు. సంక్రాంతి తరువాత తన కోడలు తీరికగా ఉంటుందట, అప్పుడు రమ్మన్నది. రెండో పేరు కోసం కాగితం కోశాధికారిగారి దగ్గర ఉంది, భోజనాలకు ముందే రాయించగలరు.