చెక్క గరిటెలో కనబడే ప్రేమ

ఈ దిన ధ్యానము కొరకు మొదటి యోహాను పత్రిక 3వ అధ్యాయం 18వ వచనం తెరచి చదువుకొనండి. ప్రేమ మాటతో ఆగిపోక చేతుల్లోనికి రావాలని అపొస్తలుడు అక్కడ మనలను హెచ్చరిస్తున్నాడు.

వేల్సు దేశం పేరు మీలో చాలామంది వినే ఉంటారు. 1904లో ఇవాన్ రాబర్ట్స్ దినములలో గొప్ప ఉజ్జీవం కలిగిన దేశమది. అక్కడి పల్లెల్లో పూర్వం ఒక ఆచారముండేది. యువకుడు తాను ప్రేమించిన అమ్మాయికి చెక్కతో ఒక గరిటె చెక్కి ఇచ్చేవాడు. దాని పిడి మీద హృదయం, తాళపుచెవి, చక్రం చెక్కేవాడు. అతుకు లేకుండా ఒకే చెక్కలో నుండి గొలుసు తీసేవాడు. పిడిలోనే చిన్న పంజరం తొలిచి, అందులో దొర్లే గుండును కూడ ఆ చెక్కలో నుండే మలిచేవాడు. 1667వ సంవత్సరపు గరిటె ఒకటి కార్డిఫ్ దగ్గర సెయింట్ ఫాగన్స్ మ్యూజియంలో ఉన్నది.

అంత దూరం పోనక్కరలేదు. మన నెల్లూరు జిల్లా ఉదయగిరిలో నేటికీ చెక్క గరిటెలు, చెంచాలు చేతితో చెక్కుతారు. ఆ పనివారిలో స్త్రీలే ఎక్కువ. అవి ప్రేమ కానుకలు కావు, వారి బ్రతుకుతెరువు. అయినా కావలసిన ఓర్పు ఒక్కటే. కత్తి ఒక్కసారి జారితే పడిన కష్టమంతా వ్యర్థం.

ప్రియులారా, "నీవంటే ప్రేమ" అనడానికి ఒక్క క్షణం చాలు. గరిటె చెక్కడానికి ఎన్నో సాయంత్రాలు కావాలి. దాన్ని అందుకున్న అమ్మాయికి ఆ సాయంత్రాలన్నీ కనబడేవి.

నన్ను గూర్చి ఒక మాట ఒప్పుకుంటాను. ఎన్నో పెండ్లి పందిళ్లలో ఎఫెసీ పత్రిక 5వ అధ్యాయం ఎత్తి భర్తలకు బోధించాను. ఆ దినాల్లోనే మా ఇంట్లో గరిటె పిడి ఊడింది. నా భార్య చెప్పినప్పుడల్లా "రేపు చూద్దాంలే" అన్నాను. ఆమె పిడికి గుడ్డపేలిక చుట్టుకొని నెలల తరబడి వండింది. ఒకరోజు ఆమె చేతికి లేచిన బొబ్బ చూచాను. పది నిమిషాల పని అది! ప్రసంగం చేసిన నోరు ఆ రోజు మూతబడింది.

మా పెదకాకాని చుట్టుపట్ల మిరప కోతలకు వెళ్లిన తల్లులు, మండే చేతులతోనే ఇంటికి వచ్చి మళ్లీ గరిటె పడతారు. సహోదరుడా, ఆ వేళ నీ చేతులు ఏం చేస్తున్నాయి?

మన ప్రభువు వడ్రంగి అని మార్కు సువార్త 6వ అధ్యాయం చెబుతున్నది. చెక్కపని చేసిన ఆ చేతులనే ఆయన మన కొరకు సిలువ మ్రానుకు అప్పగించాడు. మాట మాత్రమే పంపి ఊరుకోలేదు.

ఈ రోజు మీ ఇంట్లో "రేపు" అని వాయిదా వేసిన ఒక్క పని చేయండి. ఆ తరువాత కలిసి ప్రార్థించండి. ప్రభువు మీ గృహములను దీవించును గాక. ఆమేన్.