ఇండియానా జోన్స్, మా నాన్నగారు, నేను



నిర్వాహకులు ఫోన్ చేసి సినిమా మీద పది నిముషాలు మాట్లాడమన్నారు. ఇండియానా జోన్స్ గురించి మాట్లాడతానన్నాను. అవతల కాసేపు నిశ్శబ్దం. "అందులో తెలుగేముందండీ?" అన్నారు. ఉందండీ. నేను ఆ సినిమా మొదట చూసింది తెలుగులోనే. డబ్బింగ్ చేసింది మా నాన్నగారు. బయట భోజనాల లైను అప్పుడే కదులుతోంది కాబట్టి అసలు విషయానికి వచ్చేస్తాను.

నేను ఐదో తరగతిలో ఉండగా సికింద్రాబాద్ సంగీత్ థియేటర్లో "ఇండియానా జోన్స్ అండ్ ది లాస్ట్ క్రూసేడ్" చూశాను. ఆ థియేటర్ ఇప్పుడు లేదు. జంటనగరాల వాళ్ళకి ఇంగ్లీషు సినిమా అంటే అదే గుడి. నాన్నగారు రైల్వేలో గుమాస్తా. ఆఫీసు ఫైళ్ళకి సరిపడా ఇంగ్లీషు వచ్చు కానీ తెర మీద అమెరికా వాళ్ళు మాట్లాడితే పట్టుకునేంత రాదు. ఆ సంగతి నాకు తెలియనివ్వలేదు. రెండు గంటలూ నా చెవిలో కథ చెబుతూనే ఉన్నారు.

ఆయన చెప్పిన కథ ఇది. ముసలాయన దగ్గరున్న పుస్తకం తాతల నాటి తాళపత్రాల నకలు. వాళ్ళు వెతుకుతున్నది అక్షయపాత్ర. గుహలో దాన్ని కాపలా కాస్తున్న గడ్డపాయన అశ్వత్థామలాంటి చిరంజీవి. తండ్రికీ కొడుక్కీ కూడా బాగా తెలిసిన ఆ తెల్లచీర లేని తెల్లమ్మాయి ఎవరు నాన్నా అంటే, "వాళ్ళ మేనత్త కూతురు" అన్నారు.

2003లో మొదటి మూడు సినిమాలూ కలిపి డీవీడీ పెట్టెగా వచ్చాయి. అప్పటికి నేను న్యూజెర్సీలో కొత్త. ముగ్గురు రూమ్‌మేట్లతో కూర్చుని, కింద ఇంగ్లీషు అక్షరాలు పెట్టుకుని చూశాను. మేనత్త కూతురి విషయం ఆరోజు తెలిసింది. నేను ఎందుకంత నవ్వుతున్నానో వాళ్ళకి అర్థం కాలేదు.

ఇక నాలుగో సినిమా. లాస్ట్ క్రూసేడ్ 1989లో వచ్చింది, ఆ తరవాతది 2008లో. మధ్యలో పందొమ్మిదేళ్ళు. ఈ జాప్యానికి కారణం స్పీల్‌బర్గ్, లూకాస్, హారిసన్ ఫోర్డ్ ముగ్గురికీ ఒకే స్క్రిప్టు నచ్చకపోవడం. లూకాస్‌కి గ్రహాంతరవాసులు కావాలి, మిగతా ఇద్దరికీ అక్కర్లేదు. ఫ్రాంక్ డారబాంట్ రాసింది స్పీల్‌బర్గ్‌కి నచ్చింది, లూకాస్‌కి నచ్చలేదు. చివరికి డేవిడ్ కెప్ రాసింది తీశారు. మన ఆఫీసుల్లో రిక్వైర్‌మెంట్స్ మీటింగుకి వెళ్ళినవాళ్ళకి నేను ఇంతకంటే విడమరిచి చెప్పక్కర్లేదు.

ఆ పందొమ్మిదేళ్ళలో నేను స్కూలు, ఇంజనీరింగు, హెచ్-వన్, పెళ్ళి అన్నీ ముగించాను. సినిమా మే 22న విడుదలైంది. అమ్మా నాన్నా ఆర్నెల్ల వీసా మీద మా దగ్గరే ఉన్నారు. మెమోరియల్ డే వారాంతంలో నాన్నగారిని తీసుకుని బయల్దేరాను. ఆయనా హారిసన్ ఫోర్డూ పుట్టింది ఒకే సంవత్సరం, 1942. ఆ మాట కారులో చెబితే, "అయితే వాడూ రిటైరయ్యాడా?" అని అడిగారు.

థియేటర్లో సీట్లు మెట్లమెట్లుగా పైకి ఉంటాయి కదా. నేను పాప్‌కార్న్ పట్టుకుని చకచకా ఎక్కేశాను. పైనుంచి తిరిగి చూస్తే ఆయన కమ్మీ పట్టుకుని, మెట్టు పక్కన చిన్న దీపం చూసుకుంటూ ఒక్కొక్కటే ఎక్కుతున్నారు. ట్రైలర్లు మొదలయ్యాయి, నేను తెర వైపు తిరిగాను.

మొదట్లో ఒళ్ళు పులకరించింది. నేల మీద పడి ఉన్న టోపీ, దాన్ని ఎత్తే చేయి, కారు మీద ఆ టోపీ పెట్టుకుంటున్న మనిషి నీడ. హాలంతా ఈలలు. నాన్నగారు వంగి "వాడేనా? బాగా నెరిసిపోయాడే" అన్నారు. తరవాత పావుగంటకి అణుబాంబు పరీక్ష. హీరో సీసం పూత ఉన్న ఫ్రిజ్‌లో దూరాడు. ఆ ఫ్రిజ్ మైళ్ళ దూరం ఎగిరి పడితే తలుపు తీసుకుని బయటికొచ్చాడు. సీసం రేడియేషన్‌ని కొంత ఆపుతుందేమో గానీ, అంత ఎత్తునుంచి పడిన కుదుపుని ఆపదు. చదివిన ఇంజనీరింగు అంతా ఆ ఒక్క నిముషంలో పైకి తన్నుకొచ్చింది. ఆ పైన కుర్రాడు కోతులతో పాటు తీగలు పట్టుకుని ఊగాడు. పడవలాంటి బండి మూడు జలపాతాలు దూకింది. ఆఖర్న పళ్ళెం ఎగిరిపోయింది. నేను మాత్రం సీట్లో ఉడికిపోతున్నాను. అలా ఉడుకుతూ నాన్నగారికి ఒక్క ముక్క కూడా చెప్పలేదు.

ఇంటికి వెళ్ళే దారంతా తిట్టాను. స్ఫటిక కపాలాల మీద కూడా లెక్చరిచ్చాను. బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న కపాలాన్ని పరీక్షిస్తే 19వ శతాబ్దంలో చక్రాల పనిముట్లతో చెక్కిందని తేలింది, పురాతనం కాదు, పాడు కాదు అన్నాను. నాన్నగారు అంతా విని, "ఎవరి తల వాళ్ళకి అప్పగించి వచ్చాడు. పాపం, దానికి సంస్కారం జరగలేదు, అందుకని పీడించింది. ఇందులో నీకు కోపం ఎందుకురా?" అన్నారు.

ఆలోచిస్తే ఆయన చెప్పిందీ నిజమే. రెండో సినిమాలో ఊరివాళ్ళ లింగాన్ని ఊరికి చేర్చినట్టే, ఇందులోనూ కథంతా తీసుకెళ్ళి ఇచ్చి రావడమే. (ఆ రెండో సినిమా, 1984 నాటి "టెంపుల్ ఆఫ్ డూమ్", మన దేశంలో తియ్యడానికి అనుమతి దొరక్క శ్రీలంకలో తీశారు. అందులో రాజుగారి విందు చూసిన ఒక సహోద్యోగి నన్ను కోతి మెదడు ఎలా వండుతారని అడిగాడు. విలన్ అమ్రిష్ పురి, మన "జగదేకవీరుడు అతిలోకసుందరి"లో మహాద్రష్ట, అని చెప్పి మాట మార్చాను.)

"అది కాదు నాన్నా, పందొమ్మిదేళ్ళు ఆగాను" అన్నాను.

"నువ్వు ఆగావు సరే. వాడు నీకోసం వయసు ఆపుకుని కూర్చోవాలా?"

ఆయనకి బాగా నచ్చింది ఆఖర్న పెళ్ళి. మొదటి సినిమాలో అమ్మాయినే చేసుకున్నాడు, మాట నిలబెట్టుకున్నాడు అన్నారు. చర్చిలో గాలికి ఎగిరొచ్చిన టోపీని కొడుకు పెట్టుకోబోతే తండ్రి లాక్కుని వెళ్ళిపోతాడు. అది తలుచుకుని ఇల్లు చేరేదాకా నవ్వారు.

అయిదోది "డయల్ ఆఫ్ డెస్టినీ" ఇంకో పదిహేనేళ్ళకి, 2023 జూన్ 30న వచ్చింది. ఈసారి దర్శకుడు స్పీల్‌బర్గ్ కాదు, జేమ్స్ మాంగోల్డ్. విడుదలనాటికి ఫోర్డ్‌కి 80. నేను ఒక్కణ్ణే వెళ్ళాను. మావాడికి వేరే ప్రోగ్రాం ఉంది. మొదటి ఇరవై నిముషాలు కంప్యూటర్‌తో ఆయన్ని పడుచువాణ్ణి చేశారు. మొహం నలభై ఏళ్ళది, గొంతు మాత్రం ఎనభై ఏళ్ళది. 2008లో నేను అడిగిన వరం ఇదే కదా అనిపించింది. ఇచ్చాక చూస్తే బాలేదు. తరవాత 1969లో చొక్కా లేకుండా కుర్చీలో లేచి కూర్చున్న ముసలాయన్ని చూస్తే గానీ ప్రాణం కుదుటపడలేదు. కాలేజీవాళ్ళు రిటైర్మెంటుకి ఆయనకి గడియారం ఇస్తారు. నాన్నగారికి 2002లో ఆఫీసువాళ్ళు ఇచ్చిందీ గోడ గడియారమే. ఇప్పటికీ హాల్లో ఉంది, అయిదు నిముషాలు ముందు నడుస్తుంది.

ఆ రాత్రి వాట్సాప్‌లో వీడియో కాల్ చేశాను. నాన్నగారికి వినికిడి తగ్గింది, ప్రయాణాలు మానేశారు. "ఈసారి ఏం వెతికాడురా?" అని అడిగారు.

మొదలుపెట్టాను. గ్రీసు దగ్గర సముద్రంలో మునిగిన ఓడలో 1901లో నిజంగానే ఒక కంచు యంత్రం దొరికింది, పేరు ఆంటికితెరా. ముప్పై దాకా పళ్ళచక్రాలు, సూర్యచంద్రుల గతులు, గ్రహణాలు లెక్కకట్టేది. "అంటే పంచాంగం పెట్టె" అన్నారు. అవును నాన్నా, పంచాంగం పెట్టె అన్నాను. దాన్ని ఆర్కిమెడీసే చేశాడని ఋజువు లేదు, కానీ సినిమాలో ఆయనే. హీరో ఆయన కాలానికి వెళ్ళి, నేను ఇక్కడే ఉండిపోతానంటాడు.

"ఉండనివ్వలేదా?"

"లేదు, లాక్కొచ్చేశారు. ఆఖర్న భార్య వస్తుంది."

"భార్య ఇన్నాళ్ళూ ఎక్కడికెళ్ళింది? ఆ కొడుకేడీ, టోపీ పెట్టుకోబోయినవాడు?"

సినిమాలో ఆ కొడుకు వియత్నాం యుద్ధంలో చనిపోతాడు. ఆ దుఃఖంతోనే మొగుడూ పెళ్ళాలు విడిపోతారు. నా నోట్లోంచి ఆ మాట రాలేదు. "ఉన్నాడు నాన్నా. వేరే ఊళ్ళో ఉద్యోగం. రాలేకపోయాడు" అన్నాను.

నాన్నగారు కాసేపు ఫోన్ వైపు కాకుండా పక్కకి చూశారు.

"సెలవు దొరకలేదేమో పాపం" అన్నారు.

మర్నాడు ఆఫీసుకెళ్ళి డిసెంబరుకి సెలవు పెట్టాను.