లాగ్‌బుక్‌లో లేని గడి



హౌస్‌సర్జన్‌గా నా మొదటి రాత్రి ఒక ముసలమ్మకు సెలైన్ పెట్టాల్సి వచ్చింది. అనాటమీలో నాకు మంచి మార్కులు; చేతిలోని సిరలన్నీ అప్పజెప్పగలను. రెండుసార్లు గుచ్చినా నరం దొరకలేదు. మూడోసారి సూది ఎత్తుతుంటే సిస్టర్ వచ్చి, "ఏ చేతికి దొరుకుతుంది మామ్మా?" అని అడిగింది. మామ్మ ఎడమ చెయ్యి చాపింది. ఒక్కసారికే అయిపోయింది. నాలుగున్నరేళ్ల చదువులో ఎవరూ నా చేత ఆ పని చేయించి చూడలేదు.

అందుకే 2019లో ఎంబీబీఎస్‌కు సామర్థ్యాధారిత బోధన వచ్చినప్పుడు మనసారా స్వాగతించాను. జార్జ్ మిల్లర్ 1990లో చెప్పిన నాలుగు మెట్లు దానికి ఆధారం: విషయం తెలుసు, ఎలా చేయాలో తెలుసు, చేసి చూపగలడు, నిజంగా చేస్తున్నాడు. ఇవాళ పట్టాలు అందుకుంటున్న యువవైద్యులు మీరు బొమ్మ చేతి మీద నేర్చుకుని మనిషి చేతి దగ్గరికి వచ్చారు. మా తరం నేరుగా మనిషి మీదే నేర్చుకుంది. అది రోగులకు మేం చేసిన అన్యాయం.

అయినా ఒక సందేహం నన్ను వదలదు. విషయం తెలియడం, పని తెలియడం వేరని వాదించిన తత్వవేత్త గిల్బర్ట్ రైల్ 1949లోనే ఇంకో మాట కూడా అన్నాడు. అలవాటు నిన్నటి పనినే మళ్లీ చేస్తుంది. నేర్పు అలా కాదు. చేసిన ప్రతిసారీ కొంత మారుతుంది, ఇంకా నేర్చుకుంటూనే ఉంటుంది. మరి మీరు నేర్చిన ప్రతి పనికీ ఎదురుగా లాగ్‌బుక్‌ గడిలో గురువులుగా మేం పెట్టిన సంతకం దేనికి? ఆ రోజు సూది సరిగా దిగిందని మాత్రమే అది చెబుతుంది. అలవాటుకూ అదే సంతకం, నేర్పుకూ అదే సంతకం. సిస్టర్ అడిగిన ఆ ప్రశ్నకు అందులో గడి లేదు. వేల సామర్థ్యాల జాబితా రాసుకున్నా దాన్ని పట్టలేం. ఎందుకంటే ఆ ప్రశ్న ఆమెకు జాబితా నుంచి రాలేదు, అంతకుముందు చూసిన రోగుల నుంచి వచ్చింది. గడులు కొట్టేయమని నేను అనను. గడి నిండితే చదువు అయిపోయిందని అనుకోవడమే నాకు భయం.

ఇక మీ కింద కూడా హౌస్‌సర్జన్లు ఉంటారు. వాళ్లలో ఒకరు ఏదో రాత్రి మూడోసారి సూది ఎత్తుతారు. కసరకండి. చెయ్యి పట్టి ఆపి, ముందు ఆ మామ్మను అడగమని చెప్పండి.