వేటగాని రెండు సూత్రములు



పలుచోట్లనుండి కంప్యూటరులపై బెక్కుమంది కూడి యాడు ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’ అను క్రీడ 2004వ సంవత్సరమున వెలువడెను. అందు వేటగాడుగా నాడువానికి పెంపుడుమృగ మొకటి యుద్ధమున దోడుపడును. ఆజ్ఞలను 255 అక్షరములకు మించకుండ ముందుగా వ్రాసి యొక మీటకు ముడివేయుదురు. దీనినే మాక్రో యందురు. ‘పెట్ అటాక్’ అనునది మృగము నుసికొల్పును; ‘పెట్ ఫాలో’ అనునది వెనుకకు బిలుచును.

ఇతర క్రీడాకారులతోడి పోరున మా మనుమడు మొదటిదానినే నమ్ముకొనెను. శత్రువును మంచుబోనున బంధించెను. మృగము పోయి కఱచెను. దెబ్బ తగిలినంతనే బంధము వీడెను, మనుమ డోడిపోయెను.

నాకు అశ్వత్థామ జ్ఞప్తికి వచ్చెను. బ్రహ్మశిరోస్త్రమును అర్జునుడు మరలింపగలిగెను. గురుపుత్రుడు ప్రయోగించెనేగాని మరలింపజాలకపోయెను. ఈ కథను వానికి జెప్పితిని. ఒక నొక్కునకు వేటగాని పెద్దవిద్య యొక్కటియే సాగినను, మృగమున కిచ్చు నాజ్ఞ దానితోడనే పోవును. కావున వాడు బోను పన్ను మీటయందే ‘పెట్ ఫాలో’ను గూడ జేర్చి వ్రాసికొనెను.

ఉసికొల్పుట బాలురకు నేర్పకయే వచ్చును. మరలించుట మనము నేర్పవలయును. సెలవు.