విపత్తు వేళ దేశాల ఉమ్మడి దళం

భూకంపమో తుఫానో విరుచుకుపడినప్పుడు ఏ దేశానికైనా తక్షణం తరలివెళ్లగల ఉమ్మడి అంతర్జాతీయ దళం ఉండాలన్న ఆలోచన ఆకర్షణీయమైనదే అయినా, దానిపై ఆజ్ఞాధికారం ఎవరిది, వ్యయం ఎవరు భరించాలి, పరాయి నేలపై అడుగుపెట్టే అనుమతి ఎవరివ్వాలి అన్న చిక్కుముడులు వీడకపోవడంతో ప్రపంచం మరో దారి పట్టింది. 1988 నాటి ఆర్మేనియా భూకంపంలో వివిధ దేశాల బృందాలు సమన్వయం కొరవడి తడబడిన అనుభవం దృష్ట్యా, 1991లో ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలో ‘ఇన్సరాగ్’, అనగా శిథిలాల్లో గాలించి ప్రాణాలు కాపాడే బృందాలకు ఉమ్మడి ప్రమాణాలు నిర్ణయించే సలహా వేదిక, ఏర్పడింది. ఆ ప్రమాణాల్లో ‘భారీ బృందం’ అంటే ఏకకాలంలో రెండు చోట్ల, పది రోజులపాటు రేయింబవళ్లు పనిచేయగల బృందం. వచ్చిన బృందాలను నమోదు చేసుకునే స్వాగత కేంద్రాన్ని సాధారణంగా విమానాశ్రయంలోనే నెలకొల్పుతారు కనుక, తెలంగాణకు అటువంటి అవసరమే వస్తే, రాకూడదనే కోరుకోవాలి గానీ, శంషాబాద్ విమానాశ్రయం ఆ బాధ్యత వహించవలసి రావచ్చు.

2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం కింద ఏర్పడిన భారత జాతీయ విపత్తు ప్రతిస్పందన దళం, ఎన్‌డీఆర్‌ఎఫ్, 2011లో జపాన్‌కు, 2015లో నేపాల్‌కు, 2023లో తుర్కియేకు వెళ్లింది. తెలుగు రాష్ట్రాలకు అండగా ఉండే దాని పదో బెటాలియన్ కృష్ణా జిల్లా కొండపావులూరులో ఉంది. సార్క్ దేశాలు 2011లోనే సత్వర ప్రతిస్పందన ఒప్పందంపై సంతకాలు చేసినా, 2015 నాటి నేపాల్ భూకంపంలో సహాయం ప్రధానంగా దేశం నుంచి దేశానికి నేరుగానే అందింది.