గర్భసంచి తీసెయ్యమంటారేమో అని భయమా?



మొన్న ఉప్పల్‌లో సిటీ బస్సెక్కాను. నా వెనక సీట్లో వదినామరదళ్ళు ఇద్దరు నాచారం దాకా మాట్లాడుకుంటూనే ఉన్నారు. "మూడు నెలల సంది నడుమ నడుమ కనపడుతోందంటున్నవు, డాక్టరమ్మకు చూపించుకోరాదు వదినా?" అంది చిన్నావిడ. "అమ్మో, నేను పోను. పోతే గర్భసంచి తీసెయ్యాలంటరు. మా చెల్లెకు ముప్పై అయిదేండ్లకే తీసేసిండ్రు" అంది పెద్దావిడ. నేను వెనక్కి తిరిగి ఏదో చెప్పబోయేసరికి ఇ.ఎస్.ఐ. ఆస్పత్రి స్టాపు వచ్చింది, ఇద్దరూ దిగిపోయారు. ఆవిడకు చెప్పలేకపోయింది మీకు చెబుతాను.

ఆవిడ భయాన్ని నేను తప్పు పట్టను. 2015-16 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. 15 నుంచి 49 ఏళ్ళలోపు స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తమ్మీద నూటికి ముగ్గురైతే, తెలంగాణలో దాదాపు ఎనిమిది మంది, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మంది. మన ఆడవాళ్ళ గర్భసంచులే అంతగా చెడిపోతాయా, చెప్పండి! అవసరం లేని ఆపరేషన్ల మీద వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. కేంద్రం తయారుచేసిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలుకు తేవాలని 2023 ఏప్రిల్‌లో కోర్టు రాష్ట్రాలను ఆదేశించింది.

అయితే ఆపరేషన్‌కు జడిసి పరీక్షక్కూడా పోకపోతే ఎలాగండీ? అది వేరు, ఇది వేరు. మైల ఎక్కువ కావడానికి థైరాయిడ్ కారణం కావచ్చు, గర్భసంచిలో గడ్డలు కావచ్చు, లోపల వేయించుకున్న లూప్ కావచ్చు. వీటిలో చాలావాటికి మాత్రలతోనో, హార్మోను ఉన్న లూప్‌తోనో నయమవుతుంది. "పిల్లలు పుట్టారుగా, ఇంక దానితో పనేముంది?" అనేవాళ్ళ మాట వినకండి. గర్భసంచితోపాటు అండాశయాలు కూడా చిన్న వయసులోనే తీసేస్తే ముట్లు ఉడిగినట్టే. ఒంట్లో ఆవిర్లు మొదలవుతాయి, ఎముకలు గుల్లబారతాయి, గుండెజబ్బు ముప్పు పెరుగుతుంది.

ఇక పరీక్ష సంగతి. గర్భసంచి ముఖద్వారం దగ్గర చిన్న బ్రష్షుతో కాస్త తుడిచి కణాలు తీసి చూస్తారు. పాప్ పరీక్ష అంటారే, అదే. కొద్ది నిమిషాల పని. కాస్త ఇబ్బందిగా ఉంటుంది గానీ కోత లేదు, మత్తు లేదు. ఇంకో పద్ధతిలో పల్చటి వినిగర్ లాంటి ద్రవం రాసి, తెల్లమచ్చలు తేలాయేమో కంటితోనే చూస్తారు. ముంబాయి మురికివాడల్లో శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలే ఈ పని ఏళ్ళ తరబడి చేస్తే, ఆ క్యాన్సరుతో చనిపోయేవారు దాదాపు మూడోవంతు తగ్గారు. ఈ క్యాన్సరు సాధారణంగా పదేళ్ళూ అంతకు పైనా తీసుకుని నెమ్మదిగా ముదురుతుంది. అందుకే 30 దాటినవారికి అయిదేళ్ళకోసారి ప్రభుత్వ కార్యక్రమంలో ఈ పరీక్ష పెట్టారు. (9 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలుంటే దీని టీకా గురించి కూడా డాక్టరును అడగండి.) తెలంగాణలో 2023 మార్చి 8న "ఆరోగ్య మహిళ" పేరుతో మంగళవారాల్లో స్త్రీలకు ప్రత్యేకంగా పరీక్షలు మొదలుపెట్టారు. మీ దగ్గరి దవాఖానాలో ఏ రోజు చూస్తారో ముందే కనుక్కుని వెళ్ళండి.

ముట్లుడిగి ఏడాది దాటాక ఒక్క చుక్క కనపడినా వాయిదా వెయ్యకండి. కలయిక తర్వాత కనపడినా అంతే. సిగ్గుపడి దాచుకుంటే డాక్టరుకెలా తెలుస్తుంది?

ఒకవేళ ఆపరేషన్ అనే మాటే వస్తే, "ఎందుకండీ? మందుతో చూడకూడదా? అండాశయాలు కూడా తీస్తారా?" అని అడగండి. రిపోర్టులన్నీ పట్టుకుని ఇంకో డాక్టరమ్మకు చూపించండి. ముట్టు రోజుల్లో పాప్ పరీక్షకు వెళ్ళకండి. అంతకు ముందు రెండు రోజులు లోపల మందులేమీ పెట్టుకోవద్దు. క్యాలెండరులో ముట్టు తేదీ కింద గీత గీసి పెట్టుకోండి. డాక్టరు మొదట అడిగేది అదే.